లాకులు

ముప్పై నాలుగేళ్లు నిలబడ్డాను.
గవర్నరుపేటలో, ఏలూరు కాలవకి రెండు వీధులివతల
తిరిగే కుర్చీ పక్కన, తిరగని మనిషిగా.

కూచునేవాడు ఎప్పుడూ వేరేవాడే.
వకీళ్లు, పెళ్లిచూపులకెళ్లేవాళ్లు,
బాకీ పెట్టి సందు మార్చినవాళ్లు.
కత్తెర చప్పుడు విన్నారు గానీ
నా కాళ్లవైపు చూసినవాడు లేడు.

ఎడమ పిక్క మీద పొట్లకాయ మెలిక.
చీలమండ దగ్గర మాడిన అట్టు రంగు.
రాత్రయ్యేసరికి ఆ కాలు
ఎవరిదో తెచ్చి తగిలించినంత బరువు.

ఆముదం రాశాను. నల్లతాడు కట్టాను.
పక్కకొట్టు టైలరు చెప్పాడని జలగల వైద్యానికెళ్లి
జలగని చూసి వెనక్కొచ్చాను.
ఓ రాత్రి దురదకి గోకితే పక్కంతా ఎరుపు.
మంగతాయారు పాత చీర చింపి కట్టి,
కాలు గోడకెత్తి, తెల్లారగానే
సూర్యారావుపేట లాక్కెళ్లింది.

డాక్టర్ నస్రీన్ నన్ను నిలబెట్టే స్కానింగ్ చేసింది.
(అక్కడా నిలబడ్డమే!)
తెరమీద నీలం ఉండాల్సినచోట ఎరుపు వెలిగింది.
"పైకెళ్లాల్సిన రక్తం కిందికి జారుతోంది.
సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి..."
"లాకులు" అన్నాను.
"ఆఁ, లాకులే. మీవి మూసుకోవడం మానేశాయి."

మా నాన్న లాకుల దగ్గర
పడవవాళ్లకి గడ్డాలు గీసేవాడు.
తలుపు వేసి నీళ్లు నిండేదాకా పడవ ఆగాలి.
ఆ కాసేపే మాకు కూడు.

"లాకు చెడితే ఏం చేస్తారమ్మా?"
"కాలవే మూసేస్తాం."
"మరి నీళ్లు?"
"లోపల పెద్ద కాలవుంది. అటు పోతాయి."

మా మావయ్యకి వెనకటికి
గజ్జల దగ్గర కోసి మొత్తం పెరికారు. నెల మంచం.
ఇప్పుడు మోకాలి కింద సూది బెజ్జం చాలట.
అందులోంచి సన్నటి తీగ, దాని కొసన లేజరు.
వేడొద్దంటే జిగురుతో అతికించేదీ ఉందట,
నా చీటీపాటకి అందనిది.

లేవబోతుంటే మంగతాయారు
తలుపు వైపోసారి చూసి, కుచ్చిళ్లు మోకాలి పైకి జరిపింది.
ఊదారంగు దారాలు,
సాలీడు అక్కడే కాపురం పెట్టినట్టు.
ఇరవై తొమ్మిదేళ్ల కాపురం మాది. నేనెరగను.
రోజూ లైటార్పమని ఎందుకనేదో
ఆ గదిలో, పరాయిమనిషి ముందు తెలిసింది.

"ప్రమాదం లేదు. సన్నసూదితో మందిస్తే
రెండు మూడు విడతల్లో వాడిపోతాయి.
కాకపోతే అది అందం కోసమే."
"అందం కోసమైతే చెయ్యరా?" అంది మా ఆవిడ.
డాక్టరమ్మ నవ్వకుండా తారీఖు రాసింది.
నేను ఇన్నేళ్లూ అమ్మింది అదే కదా,
నోరెత్తలేదు.

ఆపరేషన్ పొద్దున సిస్టర్ ప్రిసిల్లా
నా కాలు గొరగడానికొచ్చింది.
పారేసే రేజరు. నీళ్లు చాలవు. ఎదురు గీత.
పళ్ల బిగువున పిక్క దాకా ఓర్చుకున్నాను.
"అమ్మాయ్, ఎడంచేత్తో చర్మం లాగి పట్టుకో.
భయం కత్తిది కాదు, చేతిది."
పట్టుకుంది.
ఆపైన ఒక్క గాటు పడలేదు.

సిర చుట్టూ చల్లటి మందునీళ్లు పొడిచి నింపారు.
అదొక్కటే నొప్పి.
తర్వాత నోట్లో ఏదో కాలిన రుచి,
ఒక ఇంజను దూరంగా కూసినట్టు యంత్రం.
"అయిపోయింది, లేచి నడవండి" అన్నారు.
నిలబడమని కాదు. నడవమని.

ఇప్పుడు కొట్లో పొడుగు స్టూలుంది.
"కూచుని గీస్తావేంట్రా!" అని ఒక పాత బేరం
లేచిపోయాడు. పోనీ.

పొద్దున్నే బిగుతు మేజోడు ఎక్కించడం
తలగడకి చిన్న గలీబు తొడిగినట్టుంటుంది.
మంగతాయారు తిట్టుకుంటూ లాగుతుంది.
తన మోకాలి పక్కన సూదిమచ్చలు
పసుపు రంగుకి తిరిగాయి.

నిన్న రాత్రి లైటార్పమనలేదు.
మరిచిపోయిందేమో.
నేను అడగలేదు.